ముప్పావుగంట బాగా నడిచి తర్వాత కుదేలవుతున్న గేమింగ్ ల్యాప్‌టాప్: సాయం కావాలి

పల్నాడు_కుర్రాడు | సోమవారం రాత్రి 10:42

అన్నలకి, అక్కలకి నమస్తే. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. బీటెక్ మూడో సంవత్సరం. ఎనిమిది నెలల క్రితం మిరప అమ్మిన డబ్బుల్లోంచి నాన్న ₹1,05,000 పెట్టి గేమింగ్ ల్యాప్‌టాప్ కొనిచ్చారు. ఐ7 13650హెచ్‌ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, 144 హెర్ట్జ్ స్క్రీన్. కాలేజీ ప్రాజెక్టుకి ఏఐ మోడల్ ట్రైనింగ్ కూడా దీని మీదే చేస్తున్నా.

రెండు నెలల నుంచి ఒక సమస్య. సైబర్‌పంక్ గేమ్ పెడితే మొదట సెకనుకి 80, 85 ఫ్రేమ్స్ (బొమ్మలు) వస్తాయి. ముప్పావుగంట అయ్యాక ఒక్కసారిగా 35కి పడిపోతుంది. ఇక లేవదు. ఆపేసి ఒక గంట పక్కన పెడితే మళ్ళీ మామూలే. మోడల్ ట్రైనింగ్ కూడా అంతే, సగంలో నత్త నడక.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే "ఎండాకాలం కదా, గేమింగ్ ల్యాప్‌టాప్ వేడెక్కడం మామూలే" అని పంపించేశారు. మెషిన్‌ని చాలా జాగ్రత్తగా వాడుతున్నా. ఎప్పుడూ చార్జర్‌కే ఉంటుంది కాబట్టి బ్యాటరీ పాడవకుండా 60 శాతం దగ్గర ఆగే సెట్టింగ్ పెట్టా. ఇప్పటిదాకా రిపేరంటూ ఏమీ లేదు, ఒకసారి అడాప్టర్ పోతే వాళ్ళే వారంటీలో మార్చి ఇచ్చారు, అంతే. నాన్నకి ఈ విషయం ఇంకా చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. వచ్చిన రేటుకి అమ్మేయమంటున్నారు ఫ్రెండ్స్. ఏం చేయాలో చెప్పండి.

స్క్రూడ్రైవర్ | సోమవారం రాత్రి 11:15

తమ్ముడూ, అమ్మే మాట ఎత్తకు. ఎనిమిది నెలల మెషిన్‌కి సగం ధర కూడా రాదు. నేను విజయవాడలో పద్నాలుగేళ్ళుగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నా. మే నెలలో నా బల్ల మీదికి వచ్చే గేమింగ్ మెషిన్లలో చాలావాటికి రోగం ఒకటే, దుమ్ము. మీ వైపు మిరప కోతలు, పత్తి తీతలు అయ్యాక ఇళ్ళలో ఎగిరే నూగు అంతా ఫ్యాన్‌లోకే పోతుంది. గది చల్లగా 25 డిగ్రీలుంటే 85 చూపించే ప్రాసెసర్, గదిలో 40 ఉంటే అదే పనికి వందకి అంటుకుంటుంది. అందులో దుమ్ము తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

మంచం మీద పెట్టి ఆడతావా? బల్ల మీదా? వెనక మూత ఎప్పుడైనా తీశావా?

ఫ్రేమ్_లెక్క | సోమవారం రాత్రి 11:31

ముందు అంకెలు కావాలి బ్రో. అంకెలు లేకుండా ఎవరం ఏం చెప్పినా ఊహే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని వేడి, వాట్లు చూపించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, అది దించుకుని సెన్సర్స్ మాత్రమే తెరువు. గేమ్ మొదలుపెట్టే ముందు లాగింగ్ ఆన్ చేసి, ఫ్రేమ్స్ పడిపోయాక ఇంకో పది నిమిషాలు నడవనివ్వు. సీపీయూ (ప్రాసెసర్) ప్యాకేజ్ టెంపరేచర్, సీపీయూ ప్యాకేజ్ పవర్, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) టెంపరేచర్, జీపీయూ పవర్. ఈ నాలుగూ చాలు.

పల్నాడు_కుర్రాడు | మంగళవారం రాత్రి 9:20

బల్ల మీదే అన్నా. మూత ఎప్పుడూ తీయలేదు, వారంటీ పోతుందేమోనని భయం.

అంకెలు ఇవిగో. గేమ్‌లో సీపీయూ ఎక్కువలో ఎక్కువ 97 డిగ్రీలు, 60 వాట్లు. జీపీయూ 84 డిగ్రీలు, 100 వాట్లు. గదిలో ఏసీ లేదు.

స్క్రూడ్రైవర్ | మంగళవారం రాత్రి 9:48

97 అంటే ఆ ప్రాసెసర్‌కి అంచు. 100 దగ్గర అదే వేగం తగ్గించుకుంటుంది. నేను చెప్పిందే అయ్యుండొచ్చు. వారంటీ సంగతి కంపెనీని బట్టి ఉంటుంది. మూత స్క్రూ మీద స్టిక్కర్ అంటించి ఉంటే ముట్టుకోకు. లేకపోతే కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి "దుమ్ము దులపడానికి మూత తీయవచ్చా" అని అడుగు. జవాబు రాతలో ఉండాలి. ఫోన్‌లో చెప్పిన మాట రేపు పనికిరాదు.

కొనాలా_వద్దా | మంగళవారం రాత్రి 10:05

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాది వరంగల్. వచ్చే నెల కొందామని చూస్తున్నా, బడ్జెట్ లక్షా పది వేలు. ఇది చదివాక భయమేస్తోంది. ఏం చూసి కొనాలి?

ఫ్రేమ్_లెక్క | మంగళవారం రాత్రి 10:50

భయం అక్కర్లేదు. కానీ షాపువాడు చెప్పే పేరు చూసి మాత్రం కొనకండి. బాక్స్ మీద 4060 అని రాసినవన్నీ ఒకటి కాదు. ఆ చిప్‌ని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడ నడుపుకుంటారో మీ ఇష్టమని, దాన్ని తయారుచేసే ఎన్విడియా ల్యాప్‌టాప్ కంపెనీలకే వదిలేసింది. దాని మీద డైనమిక్ బూస్ట్ అని అదనంగా ఇచ్చే వాట్లు ఇంకో 25. సన్నటి మెషిన్‌లో 60 వాట్ల 4060 ఉంటుంది, బండలాంటి మెషిన్‌లో 140 వాట్ల 4060 ఉంటుంది. పేరు ఒకటే, ధరలో తేడా కొంచెమే, పనిలో తేడా చాలా. స్పెసిఫికేషన్ పేజీలో టీజీపీ, అంటే గ్రాఫిక్స్ కార్డుకి ఇచ్చే వాట్లు, అని వెతకండి. ఆ అంకె ఎక్కడా రాయలేదంటే నేనైతే ఆ మెషిన్ జోలికి పోను. ఇంకో మాట, 4060 దాదాపు 100 వాట్లు దాటాక పెద్దగా పెరగదు. 140 అని చూసి పదిహేను వేలు ఎక్కువ పెట్టకండి. ఆ డబ్బు వారంటీ మీద పెట్టండి.

రెండోది మక్స్ స్విచ్. అది లేని మెషిన్‌లో గ్రాఫిక్స్ కార్డు గీసిన ప్రతి ఫ్రేమూ ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ గుండా తిరిగి స్క్రీన్‌కి వెళ్తుంది. వాలరెంట్, సీఎస్2 లాంటి ఎక్కువ ఫ్రేమ్స్ గేమ్‌లలో ఆ చుట్టుదారి బాగా తెలుస్తుంది.

స్క్రీన్ దగ్గర చాలామంది మోసపోతారు. ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ అంటే స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు. "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయి. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్నది చూడండి. ర్యామ్ ఒకే స్టిక్ వేసి ఇస్తే రెండు స్టిక్‌లది ఎంత పడుతుందో అడగండి. ఒకే స్టిక్ అంటే డేటా దారి సగం మూసేసినట్టే. ఈ మధ్య ర్యామ్ ధరలు మండిపోతున్నాయి కాబట్టి తర్వాత వేసుకుందాంలే అనుకోకండి.

వీలైతే ఆదివారం కాకుండా ఒక మామూలు రోజు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి నాలుగు షాపుల్లో చేత్తో పట్టుకుని చూడండి. కీబోర్డు మధ్యలో వేలితో నొక్కితే దిగబడుతుందా, హింజ్ కిర్రుమంటుందా అన్నది ఏ వీడియోలోనూ తెలియదు.

ఇంటిగీతలు | మంగళవారం రాత్రి 11:20

నేను విశాఖలో ఆర్కిటెక్ట్‌ని. గేమ్స్ ఆడను, కానీ ఇలాంటి మెషిన్ మీదే రోజుకి పది గంటలు పని. వరంగల్ తమ్ముడికి ఒక మాట. గ్రాఫిక్స్ మెమరీ 8 జీబీ అంటే గేమ్‌కి టెక్స్చర్స్ (బొమ్మల్లోని నాణ్యత) తగ్గించుకుంటే సరిపోతుంది. నాలాగా మొత్తం అపార్ట్‌మెంట్ సీన్ రెండర్ చేసేవాళ్ళకి (అంటే డిజైన్‌ని నిజం ఫొటోలా గీయించేవాళ్ళకి) మాత్రం సరిపోదు. మెమరీ నిండిందంటే మెల్లగా నడవడం కూడా ఉండదు, ఆగిపోతుంది. క్లయింట్ ఎదురుగా కూర్చుని ఉండగా రెండుసార్లు ఆగిపోయింది నాకు. ఎన్విడియా 50 సిరీస్ కార్డుల్లో 5060కి 8 జీబీ, 5070 వచ్చినప్పుడు దానికి ఇచ్చిందీ 8 జీబీనే. 12 కావాలంటే 5070 టీఐకి వెళ్ళాలి. లక్షా పదిలో అది రాదు. మీకు రెండర్ పని లేకపోతే 5070 కోసం అప్పు చేయకండి, 5060 తీసుకోండి.

డాలస్_నుంచి | బుధవారం ఉదయం 6:10

మా తమ్ముడి కోసం ఇక్కడ సేల్‌లో కొని పండక్కి తెద్దామనుకుంటున్నా. అడాప్టర్ అక్కడి కరెంటుకి పనిచేస్తుందా? కస్టమ్స్ వాళ్ళు ఆపుతారా?

స్క్రూడ్రైవర్ | బుధవారం ఉదయం 7:40

అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్ట్స్ అని ఉంటే ఇబ్బంది లేదు, గోడకి పెట్టే తీగ ఒక్కటి ఇక్కడిది కొనుక్కోవాలి. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. మీదొకటి, తమ్ముడిదొకటి రెండూ మీ బ్యాగులోనే ఉంటే అప్పుడు ఆలోచించుకోవాలి. అసలు చూసుకోవాల్సింది వారంటీ. కొన్ని మోడల్స్‌కి ఏ దేశంలో కొంటే ఆ దేశంలోనే. మదర్‌బోర్డు పోతే ఇక్కడ నలభై, యాభై వేలు అడుగుతారు. అక్కడ మిగిలిన ఇరవై వేలు ఏ మూలకి? సీరియల్ నంబర్‌తో కంపెనీ వెబ్‌సైట్‌లో చూసి, ఇండియాలో వర్తిస్తుందని తేలితేనే కొనండి.

పల్నాడు_కుర్రాడు | గురువారం సాయంత్రం 6:30

అన్నా, మెయిల్‌కి జవాబు వచ్చింది. మూత తీసి దుమ్ము దులుపుకోవచ్చు, దాని వల్ల వారంటీ పోదు అని రాశారు. ఎలా తీయాలో చెప్పండి. నాకు చేతులు వణుకుతున్నాయి.

స్క్రూడ్రైవర్ | గురువారం సాయంత్రం 7:05

వణకాల్సింది ఏమీ లేదు, తొందరపడకుండా చేస్తే చాలు. మెషిన్ పూర్తిగా షట్‌డౌన్ చెయ్యి, చార్జర్ పీకెయ్యి. ఒక తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ వెనకభాగం బొమ్మ గీసుకో, ఏ స్క్రూ తీస్తే బొమ్మలో అదే చోట పెట్టు. ముందువైపు స్క్రూలు పొట్టివి, వెనకవైపువి పొడుగువి ఉంటాయి. పొడుగుది తెచ్చి పొట్టిదాని చోట బిగిస్తే పైన కీబోర్డు వైపు పొడుచుకొస్తుంది. పాత ఏటీఎం కార్డుతో అంచు వెంట లేపుతూ రా, టక్ టక్ మని క్లిప్పులు ఊడతాయి, ఆ చప్పుడుకి కంగారుపడకు. మూత రాగానే అన్నిటికన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. వేరే ఏదీ ముట్టుకోకముందే.

ఫ్యాన్ రెక్కని వేలితో కదలకుండా పట్టుకుని మెత్తటి బ్రష్‌తో తుడువు. బ్లోయర్ పెట్టి ఫ్యాన్‌ని గిర్రున తిప్పావంటే బేరింగ్ పోతుంది. అసలు దుమ్ము ఫ్యాన్ మీద ఉండదు, ఫ్యాన్‌కీ, వేడిని బయటికి పంపే రాగి రేకులకీ మధ్య ఉంటుంది. టార్చ్ వేసి చూడు.

పల్నాడు_కుర్రాడు | గురువారం రాత్రి 11:50

చేశానన్నా. మీరు చెప్పినట్టే ఉంది. పైకి ఫ్యాన్ శుభ్రంగా కనిపించింది. టార్చ్ వేసి రెక్కల సందులోంచి చూస్తే రాగి రేకుల ముందు బూడిద రంగు పట్టీ ఒకటి, చలికాలం దుప్పటి అంచు చింపి అక్కడ అతికించినట్టు. పట్టకారుతో ఒక మూల పట్టుకుని లాగితే ముక్కలవకుండా మొత్తం ఒకే పొరగా వచ్చేసింది. అందులో పత్తి నూగు, మా చెల్లి వెంట్రుకలు, రెండు చచ్చిన చీమలు. రెండోవైపు ఫ్యాన్‌లో కూడా అంతే. మళ్ళీ అన్ని స్క్రూలూ బొమ్మ చూసి బిగించా. ఆన్ అయ్యేదాకా ఊపిరి బిగపట్టుకుని కూర్చున్నా.

సీపీయూ 97 నుంచి 88కి వచ్చింది. జీపీయూ 77. ఫ్యాన్ మోత కూడా తగ్గింది.

కానీ అన్నా, ముప్పావుగంటకి మళ్ళీ 35కే పడిపోయింది.

ఫ్రేమ్_లెక్క | శుక్రవారం ఉదయం 8:15

దుమ్ము తీయడం ఎలాగూ మంచిదే, అది వృథా కాదు. ఇప్పుడు ఇంకో పని చెయ్యి. మీ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో కస్టమ్ మోడ్ ఉంటుంది. అందులో సీపీయూ లాంగ్ టర్మ్ పవర్ లిమిట్‌ని, అంటే ప్రాసెసర్ ఎక్కువసేపు తీసుకోగల వాట్ల హద్దుని, 40కి దించు. సైబర్‌పంక్‌కి ప్రాసెసర్ అంత తినక్కర్లేదు. ఇంకా వేడి తగ్గుతుంది.

కాకినాడ_తీరం | శుక్రవారం ఉదయం 9:00

విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 బదులు 99 పెట్టుకుంటే చాలు కదా? నేను అలాగే వాడుతున్నా, 20 డిగ్రీలు తగ్గింది.

ఫ్రేమ్_లెక్క | శుక్రవారం ఉదయం 9:12

తగ్గుతుంది, ఎందుకంటే టర్బో, అంటే అవసరమైనప్పుడు ప్రాసెసర్ వేగం పెంచుకోవడం, మొత్తం ఆగిపోతుంది. రెండున్నర గిగాహెర్ట్జ్ దగ్గరే కూర్చుంటుంది ప్రాసెసర్. కథ ఉన్న గేమ్‌లకి పర్వాలేదు. వాలరెంట్ లాంటివి ప్రాసెసర్ మీదే నడుస్తాయి, అక్కడ ఫ్రేమ్స్ బాగా కోల్పోతారు. పవర్ లిమిట్ దించుకునే వీలు లేని మెషిన్లకే 99 పద్ధతి. దాంతోపాటు ఎన్విడియా సెట్టింగ్స్‌లో మాక్స్ ఫ్రేమ్ రేట్ కూడా పెట్టుకోండి. కథ గేమ్‌కి 75 చాలనుకుంటే 75 దగ్గర కట్టేయండి. గ్రాఫిక్స్ కార్డు అనవసరంగా పరిగెత్తదు, ఫ్యాన్ అరవదు, ఆట కూడా ఒకే నడకలో సాఫీగా ఉంటుంది. నేను ఐదేళ్ళుగా ఏ గేమ్ పెట్టినా మొదట చేసే పని ఇదే.

కాకినాడ_తీరం | శుక్రవారం ఉదయం 9:30

థాంక్స్ అన్నా. పనిలో పనిగా ఇంకొకటి. నా ల్యాప్‌టాప్ మెటల్ మీద మణికట్టు ఆనిస్తే సన్నగా జివ్వుమంటుంది, చార్జర్ పెట్టినప్పుడే. లోపం ఉందంటారా?

కరెంటోడు | శుక్రవారం మధ్యాహ్నం 1:40

మెషిన్ లోపం అయ్యుండదు, మీ ఇంటి ఎర్త్ చూడండి. ఇలాంటి అడాప్టర్లలో ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి, అవి కొద్దిపాటి లీకేజీ కరెంటుని ఎర్త్‌కి వదులుతాయి. ఎర్త్ లేకపోతే అది బాడీ మీదే ఉండిపోయి మీ చేతికి తెలుస్తుంది. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టి వాడుతున్నారా? అయితే ముందు అది తీసేయండి. అప్పటికీ జివ్వుమంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్‌లో ఎర్త్ వస్తోందో లేదో చూపించండి. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతుంది, అందులో నీళ్ళు పోయడం ఇళ్ళలో అందరూ మర్చిపోతారు. దీన్ని నిర్లక్ష్యం చేయవద్దు. రేపు ఇంట్లో గీజర్‌కో గ్రైండర్‌కో లీకేజీ వస్తే కాపాడేది ఆ ఎర్తే.

పల్నాడు_కుర్రాడు | శుక్రవారం అర్ధరాత్రి దాటాక 12:55

ఫ్రేమ్_లెక్క అన్నా, 40 పెట్టి ఆడా. సీపీయూ 76కే ఆగింది. ఈసారి ముప్పావుగంటకి పడలేదు! చాలా సంతోషం వేసింది. కానీ దాదాపు రెండు గంటలయ్యాక మళ్ళీ అదే 35.

ఈసారి గేమ్ ఆపకుండా అంకెలు చూశా. పడిపోయాక జీపీయూ 45 వాట్లే తీసుకుంటోంది, 58 డిగ్రీలు. సీపీయూ 62 డిగ్రీలు. ఇంత చల్లగా ఉన్నా ఎందుకు లేవడం లేదు?

కరెంటోడు | శనివారం ఉదయం 7:20

తమ్ముడూ, నువ్వు రాసిన ఆఖరి రెండు లైన్లలోనే జవాబు ఉంది. వేడి వల్ల వేగం పడిపోతే, మెషిన్ ఆ వేడి అంచునే పట్టుకుని ఊగుతుంది. కొంచెం చల్లబడగానే మళ్ళీ వేగం పెంచుతుంది. నీది 58 డిగ్రీలకి దిగిపోయి కూడా లేవడం లేదంటే దాన్ని ఆపేది వేడి కాదు. తిండి చాలడం లేదు.

నేను రామగుండంలో పవర్ ప్లాంట్‌లో పనిచేస్తా, రోజంతా వాట్ల లెక్కే. నీ మెషిన్ లెక్క కడదాం. సీపీయూ 60, జీపీయూ 100, స్క్రీన్, ఫ్యాన్లు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అన్నీ కలిపి ఇంకో 25. మొత్తం 185. మధ్యలో పోయే నష్టం కలుపుకుంటే 195 అనుకో. సీపీయూని 40కి దించితే మొత్తం 175 దగ్గరికి వస్తుంది. ముప్పావుగంట కాస్తా రెండు గంటలైంది అంటున్నావు. అంటే ఎక్కడో ఒక తొట్టి ఖాళీ అవుతోంది, నువ్వు వాడకం తగ్గిస్తే ఖాళీ అవడం ఆలస్యమైంది.

రెండు ప్రశ్నలు. ఆడుతున్నంతసేపూ బ్యాటరీ శాతం ఎంత ఉంటోంది? సర్వీస్ సెంటర్ మార్చి ఇచ్చిన అడాప్టర్ని తిరగేసి, అవుట్‌పుట్ అని ఉన్న చోట ఏముందో ఉన్నది ఉన్నట్టు రాయి.

స్క్రూడ్రైవర్ | శనివారం ఉదయం 7:45

అడాప్టర్ మార్చాడని మొదటి పోస్ట్‌లోనే రాశాడు కదా, నేను దుమ్ము ధ్యాసలో పడి దాన్ని వదిలేశా. మంచి ప్రశ్న అడిగారు.

పల్నాడు_కుర్రాడు | శనివారం ఉదయం 10:30

అన్నా, అడాప్టర్ కింద చిన్న అక్షరాలు, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదివా. అవుట్‌పుట్ 20 వోల్ట్స్, 8.5 ఆంపియర్స్.

బ్యాటరీ ఎప్పుడూ 60 దగ్గరే ఉంటుంది కదా అని ఇన్నాళ్ళూ దాన్ని చూడనే లేదు. ఇప్పుడు గేమ్ పెట్టి చూస్తున్నా. చార్జర్ గుర్తు అలాగే ఉంది, కానీ అంకె దిగుతోంది. 60, 57, 54.

కరెంటోడు | శనివారం ఉదయం 10:52

20 ని 8.5 తో గుణిస్తే 170 వాట్లు. నీ ల్యాప్‌టాప్ అట్టపెట్టె ఉందా? దాని మీది స్టిక్కర్‌లో చూడు, 230 ఉంటుందని నా నమ్మకం. అంటే 20 వోల్ట్స్, 11.5 ఆంపియర్స్.

జరిగేది ఇది. మెషిన్ 195 అడుగుతోంది, అడాప్టర్ 170 ఇస్తోంది. తక్కువైన 25 వాట్లు బ్యాటరీ నుంచి తీసుకుంటోంది. నీది 60 వాట్ అవర్స్ బ్యాటరీ అనుకుందాం. 60 శాతం దగ్గర ఆపుకున్నావు కాబట్టి అందులో ఉన్నది 36. అది 30 శాతానికి, అంటే 18కి దిగేదాకా ఇస్తుంది. 18 ని 25 తో భాగిస్తే ఎంత? ముప్పావుగంట! ఆ తర్వాత బ్యాటరీ ఇక ఇవ్వనంటుంది, మెషిన్ దొరికిన దానితో సర్దుకోవడానికి గ్రాఫిక్స్ కార్డు పీక నొక్కేస్తుంది. గంట పక్కన పెడితే బ్యాటరీ మళ్ళీ 60కి ఎక్కుతుంది, ఆట మళ్ళీ బాగుంటుంది. పిన్ను ఒకటే సైజు కాబట్టి ఏ అనుమానమూ రాదు. కొన్ని మెషిన్లు తక్కువ వాట్ల అడాప్టర్ పెడితే స్క్రీన్ మీద చెప్తాయి, కొన్ని నోరు మెదపవు.

పల్నాడు_కుర్రాడు | శనివారం ఉదయం 11:10

అటక మీద నుంచి అట్టపెట్టె దించా. స్టిక్కర్ మీద 230 వాట్స్ అని స్పష్టంగా ఉంది.

రెండు నెలలు నా మెషిన్ పాడైందనుకున్నా అన్నా.

ఇంటిగీతలు | శనివారం ఉదయం 11:25

తమ్ముడూ, కోపంతో ఇప్పుడే వెళ్ళి గొడవ పడకు. ముందు కాగితాలు సర్దుకో. అట్టపెట్టె స్టిక్కర్ ఫొటో, అడాప్టర్ అడుగు ఫొటో, అప్పట్లో వాళ్ళు ఇచ్చిన జాబ్ షీట్, ఇప్పుడు తీసిన లాగ్. ఇవన్నీ పెట్టి కంపెనీకి మెయిల్ చెయ్యి, నాలుగు లైన్లు చాలు. ఆ మెయిల్‌కి వాళ్ళిచ్చే ఫిర్యాదు నంబర్ పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్ళు. మాట్లాడేటప్పుడు "మీరు మోసం చేశారు" అనకుండా "230 బదులు 170 వచ్చింది, మార్చి ఇవ్వండి" అని అడుగు. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, అక్కడ ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

మోడరేటర్ | శనివారం మధ్యాహ్నం 12:00

కంపెనీ పేరు, సర్వీస్ సెంటర్ పేరు ఎవరూ అడగవద్దు, రాయవద్దు. ఇక్కడ చెప్పిన లెక్క ఏ మెషిన్‌కైనా ఒకటే.

కొనాలా_వద్దా | శనివారం మధ్యాహ్నం 12:40

అయితే టైప్ సీ చార్జర్‌తో గేమ్ ఆడలేమా? 100 వాట్లది ఒకటి కొందామనుకున్నా, హాస్టల్‌కి ఇటుకలాంటి ఆ అడాప్టర్ మోయలేక.

కరెంటోడు | శనివారం మధ్యాహ్నం 1:05

క్లాసులో నోట్స్‌కి, బ్రౌజింగ్‌కి, సినిమాకి హాయిగా సరిపోతుంది. గేమ్‌కి చాలదు, కారణం పైన చూశారు కదా. ఇటుక ఇంటి దగ్గర, టైప్ సీ బ్యాగులో పెట్టుకోండి. ఇటుకని పరుపు మీదో దిండు కిందో పెట్టకండి. 230 వాట్లు ఇస్తుంది కాబట్టి అది కూడా వేడెక్కుతుంది, గాలి తగలాలి. వదులుగా ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టవద్దు, ప్లగ్ పిన్ను నల్లబడుతుంటే ఆ బోర్డు మార్చేయండి.

స్క్రూడ్రైవర్ | శనివారం మధ్యాహ్నం 1:30

బ్యాగు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా రాస్తున్నా, ఎందుకంటే నెలకి రెండు మెషిన్లు ఇలా వస్తాయి. మూత మూసి నేరుగా బ్యాగులో వేయకండి. ఈ కాలం విండోస్ స్లీప్‌లో మెషిన్ పూర్తిగా నిద్రపోదు. బ్యాగులో లేచి అప్‌డేట్ మొదలుపెడితే గాలి ఆడక ఉడికిపోతుంది. తెరిచేసరికి కాలే పెనంలా ఉంటుంది. ఎప్పుడూ అలా వేడికి ఉడికితే బ్యాటరీ ఉబ్బుతుంది. ప్రయాణానికి ముందు షట్‌డౌన్ లేదా హైబర్నేట్. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు, క్లిక్ పడనట్టు అనిపిస్తే అది టచ్‌ప్యాడ్ రోగం కాదు, కింద బ్యాటరీ ఉబ్బింది. ఆ రోజే వాడడం ఆపేయండి.

ఇంకొకటి. రెండేళ్ళు దాటాక దుమ్ము తుడిచినా వేడి తగ్గకపోతే చిప్ నుంచి వేడిని లాగడానికి పూసే పేస్ట్ పక్కలకి జారిపోయి ఉంటుంది. నేనిప్పుడు పేస్ట్ బదులు హనీవెల్ పీటీఎం7950 అనే పలచటి షీట్ వేస్తున్నా. మామూలుగా గట్టిగా ఉంటుంది, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందుల్లోకి సర్దుకుంటుంది, పేస్ట్‌లాగా త్వరగా పక్కకి జారదు. మొదటి రోజు అంకెలు చూసి నిరాశపడవద్దు, నాలుగైదుసార్లు వేడెక్కి చల్లబడ్డాక కుదురుకుంటుంది. నకిలీలు చాలా ఉన్నాయి, తెలిసినవాళ్ళ దగ్గరే తీసుకోండి.

కాకినాడ_తీరం | ఆదివారం సాయంత్రం 5:15

కరెంటోడు గారికి ధన్యవాదాలు. మీరన్నట్టు రెండు పిన్నుల కన్వర్టర్ తీసేశా, అయినా జివ్వుమంది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే గోడ సాకెట్‌లో ఎర్త్ వైరే కలపలేదట, ఇల్లు కట్టినప్పటి నుంచి. మూడు గదుల్లోనూ సరిచేయించాం. ఇప్పుడు చేతికి ఏమీ తెలియడం లేదు.

పల్నాడు_కుర్రాడు | తర్వాతి గురువారం రాత్రి 10:20

అందరికీ నమస్తే. కొత్త అడాప్టర్ వచ్చింది.

సోమవారం వెళ్తే కౌంటర్‌లో ఉన్నతను మొదట "రెండూ ఒకటే, పిన్ను సరిపోయింది కదా" అన్నాడు. ఫోన్‌లో రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపించి, అక్క చెప్పినట్టే అడిగా. లోపలికి వెళ్ళి ఇంకో ఆయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన అడాప్టర్ తిరగేసి చూసి, ఇంకేమీ మాట్లాడకుండా జాబ్ షీట్ రాసి ఇచ్చారు. రెండు రోజుల్లో వచ్చింది. చేత్తో పట్టుకుంటేనే తేడా తెలుస్తోంది, పాతదానికంటే బాగా బరువు. తీసుకునే ముందు అక్కడే తిరగేసి చదివా. 20 వోల్ట్స్, 11.5 ఆంపియర్స్.

నిన్న రాత్రి మూడు గంటలు ఆడా. సీపీయూ 45 వాట్ల దగ్గర, ఫ్రేమ్స్ 75 దగ్గర కట్టేశా. సీపీయూ 79, జీపీయూ 72. బ్యాటరీ మొదలుపెట్టినప్పుడు 60, ఆపినప్పుడు 60. ప్రాజెక్టు ట్రైనింగ్ పాత అడాప్టర్‌తో తెల్లారేదాకా సాగేది, ఇప్పుడు పడుకునేలోపు అయిపోయింది.

నాన్నకి మొత్తం చెప్పా. ఆయనకి ఫ్రేమ్స్, వాట్లు అర్థం కాలేదు కానీ, "మూడు హెచ్‌పీ మోటారుకి రెండు హెచ్‌పీ స్టార్టర్ ఇచ్చారన్నమాట" అన్నారు. కరెంటోడు అన్నా, సరిగ్గా చెప్పినట్టేనా?

కరెంటోడు | తర్వాతి గురువారం రాత్రి 10:41

చాలా దగ్గరగా చెప్పారు. ట్రాన్స్‌ఫార్మర్ చాలనప్పుడు మోటారు ఎలా మూలుగుతుందో రైతుకి మళ్ళీ ఎవరూ నేర్పక్కర్లేదు. నాన్నగారికి నా నమస్కారం చెప్పు.

ఇంటిగీతలు | తర్వాతి గురువారం రాత్రి 11:02

ఇది చదివాక మా ఆఫీసులో ఉన్న నాలుగు మెషిన్ల అడాప్టర్లూ తిరగేసి చూశా. ఇద్దరివి తారుమారయ్యాయి, ఎప్పటి నుంచో తెలియదు. ఎవరిది వాళ్ళకి ఇచ్చి, మీద మార్కర్‌తో పేర్లు రాయించా.